అప్పు నీ పేరు మీదే, అమ్మడూ

అమ్మడూ,

మీ నాన్న నాకు తమ్ముడే అయినా పిల్లల విషయంలో వాడి మాటకు నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. ఈ ఒక్కసారి చెబుతున్నాను, వాడికి కోపమొచ్చినా సరే. “లోను సంగతి నేను చూసుకుంటాలే, నీకెందుకమ్మా, నువ్వు చదువుకో” అన్నాడు చూడు, ఆ మాట మాత్రం వినకు.

వాడిది ప్రేమే. చిల్లకల్లులో అయినా నందిగామలో అయినా ఏ ఇంట్లో చూడు, తండ్రులు ఇదే మాట అంటారు. పత్తికి తెచ్చిన అప్పు, మిరపకు తెచ్చిన అప్పు పిల్లల చెవిన పడనివ్వరు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చిపెట్టేసిన ఏడాది మీ నాన్న బయట ఎంత తెచ్చాడో నీకు ఈ రోజుకీ తెలియదు. తెలిస్తే పిల్ల బెంగపెట్టుకుంటుందని వాడి భయం. పంట అప్పు వరకు ఆ భయాన్ని నేనూ తప్పుపట్టను. అది వాడి పేరు మీద ఉన్న అప్పు, వాడి చేలో తీరాల్సిన అప్పు. చదువు లోను సంగతి వేరు.

మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు టేబుల్ మీద బ్యాంకు ఫారం చూశాను. ‘దరఖాస్తుదారు’ అన్నచోట నీ పేరు రాసి ఉంది. మీ నాన్న పేరు దాని కింద, ‘సహ దరఖాస్తుదారు’ అని. నీ ఫొటో అంటించేశారు. నీకు పద్దెనిమిది నిండాయి గనక సంతకాలు నీవే కావాలి. పెట్టాల్సిన చోటల్లా ఎవరో పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి పంపారు. పేజీ తిప్పితే మళ్లీ ఇంటూ, మళ్లీ తిప్పితే ఇంకోటి. వడ్డీ రేటు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ. మీ అమ్మనడిగితే “పిల్ల జగ్గయ్యపేట నుంచి రాగానే సంతకాలు పెట్టించేస్తాం బావగారూ” అంది. ఎంతకు పెడుతున్నారమ్మా అంటే ఆవిడకూ తెలియదు.

బ్యాంకులో తల నెరిసినవాణ్ణి కదా, ఇలా సంతకం పెట్టిన పిల్లలు ఐదారేళ్ల తర్వాత ఎలా వస్తారో చూశాను. చేతిలో నోటీసు ఉంటుంది. “మా నాన్న తీసుకున్న లోను సార్, నా పేరు మీద ఎందుకొచ్చింది?” అని అడుగుతారు. ఫైలు తీసి వాళ్ల సంతకమే వాళ్లకు చూపించాలి. ఇంజనీరింగ్ పాసైన పిల్లవాడికి తన అప్పు అసలెంతో, వడ్డీ ఎంతో, ఏ తారీకు నుంచి కట్టాలో తెలియకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడలేదు. నాలుగేళ్లలో ఒక్కసారి ఆ అంకె కళ్లబడి ఉంటే వాళ్లలో చాలామంది వేరే రకంగా చదివి ఉండేవారని నా నమ్మకం. ఆ మాట నీకు వివరంగా చెబుదామనే ఇది రాస్తున్నాను.

ముందు అంకె చూద్దాం. మీ నాన్న అడిగింది 6 లక్షలు, ఏటా లక్షన్నర చొప్పున. వడ్డీ 10 శాతమనుకో, లెక్క తేలిగ్గా ఉంటుంది. మన ఊరి భాషలో నూటికి నెలకు 83 పైసలు. రూపాయి వడ్డీ కంటే తక్కువ, రెండు రూపాయలతో పోలిస్తే సగం కూడా లేదు. అందుకే మీ నాన్నకు ధైర్యం. చదివినన్నాళ్లూ, చదువు అయ్యాక ఇంకో ఏడాదీ కట్టక్కర్లేదు. దాన్ని మారటోరియం అంటారు. కట్టక్కర్లేదు గానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. కాకపోతే ఆ ఐదేళ్లూ బారువడ్డీయే. మొదటి ఏడాది తీసిన లక్షన్నర మీద ఐదేళ్లకు 75 వేలు, రెండో ఏడాది దాని మీద 60 వేలు, తర్వాత 45, చివరిదాని మీద 30. అన్నీ కలిపితే 2 లక్షల 10 వేలు. అదంతా అసలులో కలుస్తుంది. మొదటి వాయిదా కట్టే రోజుకు నీ అప్పు 8 లక్షల 10 వేలు. అక్కణ్ణుంచి చక్రవడ్డీ. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,700. పదిహేనేళ్లు పెట్టుకుంటే నెలకు 8,700 గానీ మొత్తం కట్టేది 15 లక్షల 60 వేలు దాటుతుంది.

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తగా చేరినవాళ్లకిచ్చే ప్యాకేజీ ఏళ్లతరబడి మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. కోతలు పోను నెలకు చేతికొచ్చేది పాతిక వేలకు అటూఇటూ. అందులోంచి 10,700 తీసి, హైదరాబాద్‌లో హాస్టలుకూ తిండికీ పోతే ఏం మిగులుతుందో నువ్వే వేసుకో, లెక్కల్లో నాకంటే చురుకు.

గుంటూరు యార్డులో మిరప టిక్కీలు తూకం వేస్తుంటే మీ నాన్న ఒక్క క్షణమైనా కాటా మీంచి చూపు తిప్పుతాడా? తన సరుకు తూకం అంత పట్టుగా చూసే మనిషి, నీ అప్పు తూకం నిన్ను చూడొద్దంటున్నాడు.

అంకె తెలిస్తే పిల్లలు చెడిపోతారా, బాగుపడతారా అన్న ప్రశ్న మన దగ్గర మాత్రమే పుట్టింది కాదు. అమెరికాలో మోంటానా అనే రాష్ట్రం ఉంది. అక్కడి ఒక విశ్వవిద్యాలయం, అప్పు ఒక హద్దు దాటిన విద్యార్థులకు ఉత్తరాలు రాసింది. నీ అప్పు ఎక్కువగా ఉంది, ఒకసారి వచ్చి మాట్లాడు అని దాని సారాంశం. ఫీజు తగ్గించలేదు, లోను ఆపలేదు, ఉత్తరం రాసి ఊరుకుంది. ఉత్తరం అందినవాళ్లనూ అందనివాళ్లనూ పక్కపక్కన పెట్టి ఆర్థికవేత్తలు లెక్క తీశారు. 2015, 2016ల్లో ఆ ఫలితాలు వచ్చాయి. అందుకున్నవాళ్లు తర్వాతి సెమిస్టరుకు తీసుకునే అప్పు మూడోవంతు దాకా తగ్గించుకున్నారు. క్రెడిట్లు ఎక్కువ పూర్తిచేశారు, మార్కులూ పెరిగాయి. నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ రెండో సంగతే. అప్పు గురించి రాసిన ఉత్తరం పుస్తకం ముందు కూర్చోబెట్టింది! ఇండియానా యూనివర్సిటీ కూడా 2012 నుంచి ఏటా విద్యార్థులకు వాళ్ల అప్పు లెక్క పంపడం మొదలుపెట్టింది, అక్కడా లోన్లు తగ్గాయి. 2015లో ఆ రాష్ట్రం దాన్ని చట్టమే చేసింది.

అన్నిచోట్లా అలా జరగలేదులే. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఇలాంటి ఉత్తరాలే పంపి చూస్తే, తీసుకునే అప్పులో తేడా రాలేదు. ఆఫీసుకొచ్చి సందేహాలు అడిగేవాళ్లు మాత్రం పెరిగారు. కాగితం ఒక్కటే చాలదు, పక్కన కూర్చుని అర్థం చెప్పే మనిషి కూడా ఉండాలని నాకు దాన్నిబట్టి తోస్తుంది. ఆ మనిషి ఉద్యోగం నేను చేస్తానులే, జీతం అక్కర్లేదు.

ఇక నీ సీటు. వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేయడానికి ఇంకా టైముంది గనక మనసు విప్పి చెబుతాను. నీకొచ్చిన ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఈసీఈ వస్తుందంటున్నారు, హైవే మీద కాలేజీ బస్సులో వెళ్లొచ్చే దూరంలో. మీ నాన్న మనసు గుంటూరు వైపు కాలేజీలో బి కేటగిరీ, అంటే యాజమాన్య కోటా, కంప్యూటర్ సైన్సు మీద ఉంది, హాస్టల్లో ఉండాలి. 6 లక్షల లోను ఆ రెండోదానికే. మొదటిదానికి ఎంత లోను కావాలి అని ఇంట్లో ఎవరైనా వేసి చూశారా? నేను అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించేది కన్వీనర్ సీటుకే. బి కేటగిరీలో చేరావంటే ప్రభుత్వం నుంచి పైసా రాదు. మీ ఇంటి ఆదాయానికి నువ్వు రీయింబర్స్‌మెంటుకు అర్హురాలివే. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు కాలేజీలు పిల్లల్ని కట్టమని సతాయించడం మనకు తెలియనిది కాదు, ఆ చిరాకుకు సిద్ధపడాలి. అయినా లక్షా రెండు లక్షల లోనుతో సరిపోయే చదువును పక్కనబెట్టి 6 లక్షల చదువు ఎంచుకుంటున్నప్పుడు, ఆ తేడాకు బదులుగా ఏం వస్తోందో అడగాలా వద్దా?

కంప్యూటర్ సైన్సు వస్తుంది కదా అంటావు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024లో సీట్ల పరిమితి ఎత్తేశాక ఆ బ్రాంచిలో సెక్షన్ల మీద సెక్షన్లు పెరిగాయి. రేపు నీతోపాటు అదే బ్రాంచి పట్టా పట్టుకుని ఎంతమంది బయటికొస్తారో ఊహించుకో. ఈసీఈ చదివినవాళ్లను సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకోవడం ఇప్పుడు కొత్తేమీ కాదు. అసలు బ్రాంచి వదలకుండా కంప్యూటర్ సబ్జెక్టుల్లో మైనర్ చేసే వీలు కూడా చాలా కాలేజీల్లో ఉంది. నా మొగ్గు కన్వీనర్ సీటు వైపే, దాచుకోను. అయితే నాలుగేళ్లూ చదవాల్సింది నువ్వు. రెండు సీట్లకూ రెండు అంకెలు ఒకే కాగితం మీద రాసుకుని, వాటిని చూస్తూ కూడా నాకు అదే కావాలి పెదనాన్నా అన్నావంటే మీ నాన్న తరఫున నేనే మాట్లాడతాను. అంకె చూడకుండా మాత్రం అనొద్దు.

లోను తీసుకోవడం గొప్ప పాపమని నేననడం లేదు. మా కాలంలో ఇంజనీరింగంటే కర్ణాటకలో డొనేషన్ కట్టడం, దానికోసం ఇక్కడ ఎకరం అమ్మడం. సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు పారే భూమి అలా ఎంత చేతులు మారిందో ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. 2001లో బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం తెచ్చాక, 2008 నుంచి రీయింబర్స్‌మెంటు మొదలయ్యాక ఆ అమ్మకాలు చాలావరకు తగ్గాయి. 4 లక్షల దాకా హామీ అడగరు, మన వాటా కట్టమనరు. ఏడున్నర లక్షల దాకా కూడా ప్రభుత్వ గ్యారంటీ నిధి అండ ఉంది గనక పొలం కాగితాలు తాకట్టు పెట్టక్కర్లేదు. 4 లక్షలు దాటితే ఖర్చులో 5 శాతం మనం భరించాలి, అంతే. మీ నాన్న తరంలో నాలుగు బ్యాంకుల చుట్టూ తిరిగినా పుట్టని అప్పు నీకు ఫారం నింపితే పుడుతోంది. అంత తేలిగ్గా వస్తోంది గనకే రెట్టింపు జాగ్రత్త కావాలి.

ఇందులో మీ ఇంట్లో ఎవరూ చూడని సంగతి ఒకటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, వృత్తివిద్య, సాంకేతిక కోర్సులకు తీసుకున్న లోను మీద మారటోరియం కాలపు వడ్డీ కేంద్రమే కట్టే పథకం 2009 నుంచి ఉంది. పైన చెప్పిన 2 లక్షల 10 వేలు ఉన్నాయి చూడు, అవన్నమాట. కానీ అది అందరికీ రాదు. 2018 నుంచి పెట్టిన షరతు ప్రకారం కాలేజీకి నాక్ గుర్తింపైనా ఉండాలి, నీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపైనా ఉండాలి. లోను షెడ్యూల్డు బ్యాంకులో తీసుకున్నదై ఉండాలి. రెండు రోజుల్లో ఇచ్చేస్తామనే ఫైనాన్స్ కంపెనీల దగ్గర తీసుకుంటే వర్తించదు. చదువు మధ్యలో మానేస్తే సబ్సిడీ పోతుంది. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని ఇంకో పథకం ఆమోదించింది. ఆదాయం 8 లక్షల లోపువాళ్లకు, 10 లక్షల వరకు లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ. అదీ ఎంపికచేసిన సంస్థల్లో, మెరిట్ మీద సీటొచ్చినవాళ్లకే. దేశంలో ఉన్న వేల కాలేజీల్లో మొదటి జాబితాకెక్కినవి 860. అంటే ఏ కాలేజీలో, ఏ కోటాలో చేరతావన్నదాన్ని బట్టే నీ వడ్డీ మారిపోతుంది. ఆ కాలేజీ గేటు ఎంత పెద్దదో, బస్సులకు ఏసీ ఉందో లేదో కనుక్కున్నారు గానీ, నాక్ ఉందా అని అడిగినవాళ్లు మీ ఇంట్లో లేరు.

పక్కింటి కుర్రవాడి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, వాళ్లమ్మ నన్ను అడిగింది గనక. పదో తరగతిలో మంచి మార్కులొస్తే నూజివీడు ట్రిపుల్ ఐటీకి పెట్టించమను. 2008లో పెట్టినప్పటినుంచి పల్లెటూరి పిల్లలకోసమే అది. అక్కడ రాకపోతే పాలిసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. కార్పొరేట్ ఇంటర్ హాస్టలుకు పోసే డబ్బు దాంతో మిగులుతుంది. మెట్ట రైతుకు ఇది అచ్చొచ్చే దారి. ఎందుకో మనవాళ్లకు డిప్లొమా అంటే చిన్నచూపు.

సీటు సంగతి అయ్యాక నీకు అసలు పనికొచ్చేది ఇది. ఏ కాలేజీలో చేరినా, ఆర్నెల్లకోసారి మార్కుల మెమో వచ్చినప్పుడే లోను స్టేట్‌మెంటు కూడా తీసుకో. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఒక సబ్జెక్టు పోతే ఏముందిలే, సప్లీ రాసుకుందాం అని స్నేహితులంటారు. సప్లీ ఫీజు చిన్నదే. బ్యాక్‌లాగ్‌లు మిగిలాయంటే క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు చాలా కంపెనీలు కూర్చోనివ్వవు; అక్కడ తప్పిన ఏడాది జీతం ఎంతో సప్లీ ఫీజు రసీదు మీద రాయరు. ఆ ఏడాది నీ 6 లక్షల మీద వడ్డీ 60 వేలు. వద్దన్నా పడుతుంది. హాజరు కూడా అంతే: రీయింబర్స్‌మెంటుకు 75 శాతం షరతు ఉంది. తిరునాళ్లకని పెనుగంచిప్రోలు వచ్చి వారం ఉండిపోతే తిరుపతమ్మ తల్లి సంతోషిస్తుందేమో గానీ కాలేజీ రిజిస్టరు ఊరుకోదు.

మూడో ఏడాదిలో ఎలక్టివ్ సబ్జెక్టులు ఎంచుకోమంటారు. ఎవరు మార్కులు ధారాళంగా వేస్తారో ఆ సారు సబ్జెక్టు తీసుకోవడం పిల్లల అలవాటు. స్టేట్‌మెంటు ఎదురుగా ఉన్న పిల్ల అలా తీసుకోదు. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ డబ్బిచ్చి కొనుక్కోదు, ఏదైనా పని నేర్చుకునే చోటుకే వెళుతుంది. అంకె తెలిసిన పిల్ల అడిగే ప్రశ్నలే వేరు.

ఇక్కడ నిన్ను ఆపి ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. అంకె తెలుసుకోమన్నాను గానీ దానికి బానిసవు కమ్మనలేదు. 2011లో రాత్‌స్టీన్, రౌస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పెద్దపేరున్న అమెరికా విశ్వవిద్యాలయం మీద పరిశోధన వెలువరించారు. అక్కడ అప్పుకు బదులు గ్రాంట్లివ్వడం మొదలుపెట్టాక పిల్లల ఉద్యోగాలు ఎలా మారాయో చూశారు. అప్పున్నవాళ్లు ఎక్కువ జీతమొచ్చే పనుల వైపు తోసుకుపోయారు. బడిపంతులు పనిలాంటి తక్కువ జీతాల, ప్రజలకు పనికొచ్చే ఉద్యోగాలకు దూరమయ్యారు. నీకు ఫిజిక్సు చెప్పడమంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. వీధిలో పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పినదానివి. రేపు లెక్చరర్‌వి కావాలనిపిస్తే ఆ కోరికను 10,700 నొక్కేయకూడదు. అందుకే అప్పు చిన్నదిగా ఉండే సీటు తీసుకోమని ఇంతసేపూ బతిమాలుతున్నాను. నెలకు రెండు మూడు వేల వాయిదా అయితే ఏ ఉద్యోగమైనా చెయ్యవచ్చు. పదివేల వాయిదా అయితే ఉద్యోగం నువ్వు ఎంచుకోలేవు, వచ్చినదాన్ని పట్టుకోవాల్సిందే.

రాత్రిళ్లు నిద్ర పట్టకుండా లెక్కలేసుకునే స్వభావం నీది. మీ నానమ్మ పోలిక. ఆ అంకెను నెలంతా తలమీద మోయకు. ఆర్నెల్లకోసారి చూడు, చూసినప్పుడు ఏదైనా ఒకటి మార్చు, మళ్లీ మూసెయ్యి. మరీ భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

అమెరికా మాట కూడా ఎత్తుతావు, తెలుసు. ఎంఎస్ చేస్తానని మీ పిన్నికి చెప్పావట. వెళ్లొద్దననుగానీ, ఆ అప్పు కథ వేరే. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానానికి రావడం 2009 తర్వాత అదే తొలిసారి. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో విజయవాడ కన్సల్టెన్సీల బోర్డులు చూస్తే తెలుస్తుంది. అక్కడికి లోను రూపాయల్లో తీసుకుంటావు, ఫీజు డాలర్లలో కడతావు. 2012లో యాభై రూపాయల చుట్టుపక్కల ఉన్న డాలరు 2022లో ఎనభై దాటింది. ఉద్యోగమొచ్చి తీరుతుందన్న ధీమాతో తీసే లోను అది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని వాళ్ల అధ్యక్షుడు ప్రకటించాడు. ఒక్క సంతకంతో నీ లెక్క మొత్తం తలకిందులు కావచ్చు.

అక్కడ అప్పు ఒత్తిడి చదువును ఎక్కడికి లాక్కుపోతుందో మనవాళ్లు రెండుసార్లు చూశారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు ఎక్కువ నలిగింది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పరికరాలు కట్టి తిప్పారు. 2019 జనవరిలో మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ సంగతి బయటపడింది. అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం అది. తరగతుల్లేవు, మాస్టార్లు లేరు. పేరు నమోదు చేసుకుంటే చదవకుండా పని చేసుకోవచ్చని చేరినవాళ్లలో వందమందికి పైగా అరెస్టయ్యారు. దాదాపు అందరూ మనదేశంవాళ్లే. చట్టం ప్రకారం తప్పు తప్పే. కానీ పాఠం లేని కాలేజీలో ఒక ఇంజనీరింగ్ పట్టభద్రుడు ఎందుకు చేరతాడు? ఇంటి దగ్గర వడ్డీ పెరుగుతుంటే, తరగతిలో కూర్చున్న ప్రతి గంటా దండగనిపిస్తుంది. అందరి సంగతీ నాకు తెలియదు, ఎక్కువమందిది ఇదేనని నా అభిప్రాయం. చదువుకోసం తీసిన అప్పు చదువునే మింగేసింది. ఎంఎస్‌కు వెళ్లాలనుంటే ముందు బీటెక్ అప్పు తీర్చి, రెండేళ్లు ఉద్యోగం చేసి, కొంత నీ డబ్బుతో వెళ్లు. అప్పు మీద అప్పుతో విమానమెక్కకు.

సరే, సోమవారం బ్యాంకుకు మీ నాన్నతో నువ్వూ వెళ్లు. వాడు వద్దంటే పెదనాన్న వెళ్లమన్నాడని చెప్పు. మేనేజరుగారిని మర్యాదగానే అడగాలి, కానీ అడగాలి. రేటు స్థిరంగా ఉండేదా, రిజర్వు బ్యాంకు రెపో రేటుతోపాటు మారేదా? ఆడపిల్లలకు కొన్ని బ్యాంకులు అర శాతం తగ్గిస్తాయి, ఇక్కడ తగ్గిస్తారా? చదివే రోజుల్లోనే వడ్డీ కట్టేస్తే ఒక శాతం దాకా రాయితీ ఉంటుంది, అది ఫారంలో రాయిస్తారా? బీమా పాలసీ ప్రీమియం లోనులో కలుపుతున్నారా, కలిపితే ఎంత? వడ్డీ సబ్సిడీకి ఆదాయ ధ్రువపత్రం ఎప్పటిలోగా ఇవ్వాలి? సచివాలయంలో దానికి దరఖాస్తు ఇప్పుడే పెట్టించు, ఆఖరి రోజు దాకా ఆగితే సర్వర్ పనిచేయదు. మీ నాన్న పంట లోను రెన్యువల్ తేదీ కూడా చూడు, అది దాటిపోయి ఉంటే నీ ఫైలు అక్కడే ఆగుతుంది. ఖాళీ గడులన్నీ నిండేదాకా ఆ పెన్సిల్ మార్కుల దగ్గర సంతకం పెట్టకు.

లోను ఎంతకు తీసుకున్నా మొదటి ఏడాది వడ్డీ నేను కడతాను. లక్షన్నరకైతే నెలకు 1,250. పింఛను వచ్చిన రోజునే నీ లోను ఖాతాలో వేసేస్తాను. మీ నాన్నతో అనకు, వాడు అభిమానపడతాడు. మీ అమ్మతో అను. రెండో ఏడాది నుంచి ట్యూషన్లు చెప్పుకుంటావో, స్కాలర్‌షిప్పు తెచ్చుకుంటావో నీ ఇష్టం. బదులుగా నాకొకటి కావాలి. మొదటి సెమిస్టరు అయ్యాక మార్కుల మెమో, లోను స్టేట్‌మెంటు రెండూ వాట్సాప్‌లో పంపు. అక్షరాలు చిన్నవి, ఫొటో దగ్గర్నుంచి తియ్యి.

మీ పెదనాన్న